ఒట్టు అక్కరలేని మాట



పొద్దున లేచిన దగ్గరనుంచి రాత్రి వంటింట్లో దీపం ఆర్పేదాకా మన చెవిన ఎన్ని ఒట్లు పడతాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? నేనొకసారి లెక్కపెట్టాను. గంప దించిన కూరగాయలామె, "అమ్మతోడు, కొన్న ధరకే ఇస్తా ఉండానమ్మా" అంది. డబ్బాలో మురుకులు తగ్గాయేమిరా అంటే మా చిన్నవాడు, "నీమీదొట్టు, నేను తినలేదు" అన్నాడు. మూతికి అంటుకున్న పొడి ఇంకా తుడుచుకోనేలేదు! పక్కింటావిడ చీటీ డబ్బు ఇంకో వారంలో కట్టేస్తానంటూ, "నా పిల్లల సాక్షిగా" అంది. పదకొండు గంటలకల్లా మూడు ఒట్లు. మూడింట్లో ఒక్కదాన్నీ నేను నమ్మలేదు. చెప్పినవాళ్ళు కూడా నేను నమ్ముతాననుకుని ఉండరు.

ఒట్టు తీసి గట్టున పెట్టు అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఒట్టు ఎంత సులువుగా పెడతామో, అంత సులువుగా తీసి గట్టునా పెట్టేస్తాం.

అయితే అన్ని ఒట్లూ ఇంత తేలికైనవి కావు సుమా. మాది కలికిరి. అటు మదనపల్లె, పుంగనూరు, ఇటు కుప్పం దాకా మా వైపు ఏ ఊళ్ళోనైనా సరే, అన్నదమ్ముల మధ్య భాగాల తగాదా వచ్చినా, అప్పు తీర్చానని ఒకరూ తీర్చలేదని ఒకరూ పట్టుపట్టినా, చివరికి వచ్చే మాట ఒక్కటే: "కాణిపాకానికి వస్తావా?" వరసిద్ధి వినాయకుడి ఎదుట అబద్ధపు ప్రమాణం చేస్తే ఆయన ఊరుకోడని జనానికి అంత నమ్మకం. కోనేట్లో తల ముంచకముందే, మెట్ల మీదనే నిజం ఒప్పుకున్నవాళ్ళ కథలు నా చిన్నతనంలో ఎన్నో విన్నాను. మేము క్రైస్తవులం. అయినా ఆ కథలంటే నాకు గౌరవమే. మనిషి చూడకపోయినా దేవుడు చూస్తున్నాడన్న భయం అందులో ఉంది. ఆ భయం లేని ఊళ్ళో కాపురం చెయ్యటం కష్టం.

మరి క్రైస్తవులు ఒట్టు గురించి ఏమంటారు? ఈవేళ మీతో ముచ్చటించదలచుకున్నది అదే. ఇది మా మతం గొప్పదని చెప్పటానికి కాదు. ఈ పాఠం నేను నేర్చుకోవటానికి చాలా ఆలస్యమైంది. నేర్పింది కూడా మా చర్చి మనిషి కాదు. అది చెప్పటానికే వచ్చాను.

మత్తయి సువార్త అయిదో అధ్యాయంలో యేసుప్రభువు కొండమీద కూర్చుని చేసిన బోధ ఉంది. అందులో ఆయన అసలు ఒట్టే పెట్టుకోవద్దన్నాడు. ఆ రోజుల్లో అక్కడి జనం కూడా మనలాంటివాళ్ళే. నేరుగా దేవుడి పేరెత్తితే తప్పించుకోలేమని ఆకాశం తోడనీ, భూమి తోడనీ, యెరూషలేము తోడనీ, తన తల తోడనీ అనేవాళ్ళు. గుడి తోడంటే పరవాలేదు, గుడిలోని బంగారం తోడంటేనే కట్టుబడాలి అని కూడా కొందరు సందులు చూపించేవాళ్ళట. అదే సువార్త ఇరవై మూడో అధ్యాయంలో ఆ సంగతి ఉంది. మన పిల్లలు వెనక వేళ్ళు మెలివేసుకుని ఒట్టు పెట్టటం లాంటిదే ఇదీ! ఆకాశమూ భూమీ కూడా ఆయనవే కదా, ఇక తప్పించుకునే దారి ఎక్కడ అని ప్రభువు అడిగాడు. నీ తలలో ఒక్క వెంట్రుకను తెల్లగానో నల్లగానో చెయ్యలేనివాడివి, ఆ తలమీద ఒట్టు పెట్టటానికి నీకేం హక్కుందన్నాడు. ఇప్పుడు మనం రంగు వేసుకుంటున్నాం, అది వేరే సంగతి. అవునైతే అవుననీ, కాకపోతే కాదనీ చెప్పండి, అంతకుమించిన మాట అక్కర్లేదని ఆయన తేల్చేశాడు. యాకోబు తన పత్రిక చివరి అధ్యాయంలో మళ్ళీ ఇదే గుర్తుచేశాడు.

మా అవ్వ పెద్దగా చదువుకోలేదు. కలికిరిలో చిన్న చిల్లరంగడి నడుపుకునేది. ఆమెకు ఈ బోధ మాత్రం బాగా వంటబట్టింది. మాలో ఎవరైనా నోరుజారి "ఒట్టు" అన్నామంటే, తక్కెడ పక్కన పెట్టి, "అంటే ఒట్టు పెట్టకపోతే అబద్ధం చెప్తావా?" అని అడిగేది. ఆ ప్రశ్నకు మేము ఏనాడూ జవాబు చెప్పలేకపోయాం. ఇప్పుడు ఆలోచిస్తే, వెయ్యి పేజీల వ్యాఖ్యానం ఆ ఒక్క ప్రశ్నలో ఉందనిపిస్తుంది. ఒట్టు పెట్టినప్పుడే నిజం చెబుతానంటే, మిగతా మాటలన్నీ ఏమిటని అర్థం?

మరి కోర్టు సంగతేమిటని మీరు అడగవచ్చు. సాక్షి బోనెక్కిన క్రైస్తవుడు ప్రమాణం చెయ్యవచ్చునా? ఈ విషయంలో మా సంఘాలన్నీ ఒక్కమాట మీద లేవు. మా మదనపల్లె వైపు క్రైస్తవ మతం అమెరికాలోని రిఫార్మ్డ్ చర్చి వారు 1853లో మొదలుపెట్టిన ఆర్కాటు మిషను ద్వారా వచ్చింది. వాళ్ళు పాటించే హైడల్‌బర్గ్ ప్రశ్నోత్తరి 1563 నాటిది. ప్రభుత్వం అడిగినప్పుడూ, సత్యాన్ని నిలబెట్టటానికి అవసరమైనప్పుడూ దేవుని పేర భక్తితో ప్రమాణం చెయ్యవచ్చునని అందులో ఉంది. దేవుణ్ణి తప్ప మరి దేన్నీ సాక్షిగా పిలవకూడదనీ ఉంది. క్వేకర్లు, మెన్నొనైట్లు అనే శాఖలవాళ్ళు ఇందుకు ఒప్పుకోలేదు. ప్రభువు వద్దన్నాడు, కాబట్టి కోర్టులోనైనా వద్దే వద్దన్నారు. ఆ పట్టుదల వల్ల యూరపులో ఎన్నో కష్టాలు పడ్డారు, జైళ్ళకూ వెళ్ళారు. మెన్నొనైట్ బ్రదరెన్ సంఘాలు మన తెలంగాణలో మహబూబ్‌నగర్ చుట్టుపక్కల ఈనాటికీ ఉన్నాయి.

అలాంటి మనస్సాక్షి గలవాళ్ళకు మన చట్టంలో చోటుంది. 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం సాక్షి దేవుని పేర ప్రమాణం చెయ్యవచ్చు, లేదా నిజమే చెబుతానని నిష్ఠతో ధ్రువీకరించవచ్చు. రెండూ సమానమే. సినిమాల్లో చూపించినట్టు పవిత్ర గ్రంథం మీద చెయ్యి పెట్టి తీరాలని ఆ చట్టంలో లేదు. మన రాజ్యాంగం మూడో షెడ్యూలులో మంత్రులకూ శాసనసభ్యులకూ రాసిన ప్రమాణపత్రాల్లోనూ ఈ రెండు దారులూ ఉన్నాయి.

తల్లులమైన మనం తెలుసుకోవలసిన సంగతులు ఇంకా రెండున్నాయి. ఒకటి: పన్నెండేళ్ళ లోపు పిల్లవాడు సాక్ష్యం చెప్పవలసివస్తే, నిజం చెప్పాలన్నది వాడికి తెలుసు గానీ ప్రమాణమంటే ఏమిటో తెలియదని న్యాయమూర్తికి తోస్తే, వాడిచేత ప్రమాణం చేయించనక్కరలేదు. చూశారా, కోర్టే పిల్లలను ఒట్టు అడగనప్పుడు మురుకుల కోసం మనం ఎందుకు అడగాలి? రెండోది: అంతకుముందు అమలులో ఉన్న 1873 నాటి చట్టంలో, ఎదుటి పక్షం వారిని వాళ్ళ సంప్రదాయం ప్రకారం ప్రత్యేకమైన ప్రమాణం చేస్తారా అని అడిగే వీలుండేది. దానికొక కట్టుబాటు పెట్టారు. ఆ ప్రమాణం వల్ల మూడో మనిషికి కీడు తగిలేట్టు ఉండకూడదు. అంటే బిడ్డ తలమీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించటం ఆ పాత కాలపు కోర్టులో కూడా చెల్లేది కాదన్నమాట.

ఈ రెండో సంగతి నేను ఎప్పుడు చదివినా తల దించుకుంటాను. ఎందుకో చెబుతాను.

2009 డిసెంబరు. పండుగ వారం. మా ఇంట్లో గులాబీపువ్వులు, అరిసెలు చేస్తున్నాం. కుట్టుకూలికీ చర్చి కానుకకూ కలిపి రెండువేల అయిదువందలు తీసి పెట్టాను. సాయంత్రం చూస్తే డబ్బు లేదు. ఇల్లంతా వెతికాను. ఆరోజు ఇంట్లోకి వచ్చిన బయటి మనిషి పనిచేసే అమ్మాయి ఒక్కతే. నాలుగేళ్ళ కొడుకును వెంటబెట్టుకుని వచ్చేది. మరునాడు రాగానే అడిగాను. "నేను తీయలేదమ్మా" అంది. మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే మాట. అప్పుడు నా నోట ఆ మాట వచ్చింది: "అయితే నీ కొడుకు తలమీద చెయ్యి పెట్టి చెప్పు."

ఆ పిల్లవాడు గుమ్మంలో నిలబడి, నేనే ఇచ్చిన గులాబీపువ్వు తింటున్నాడు. ఆమె వాడి రెక్క పట్టుకుని తన వెనక్కు లాక్కుంది. "తీయలేదని చెప్పినాను కదమ్మా. బిడ్డమీద మాత్రం పెట్టను" అంది. ఇంకేముంది, దొంగతనం రుజువైపోయిందనుకున్నాను. నిజాయితీ గలదైతే ఒట్టుకు భయమెందుకని నా వాదన. ఆ రోజే మాన్పించేశాను. అంతటితో ఊరుకున్నానా? మా వీధిలో ఆమె పనిచేసే మరో రెండిళ్ళవాళ్ళతోనూ చెప్పాను. వాళ్ళూ మాన్పించారు. ఆ క్రిస్మసుకు చర్చిలో ముందు వరసలోనే కూర్చున్నాను.

మూడు నెలలు గడిచాయి. ఈస్టరు ముందు శనివారం, పండుగకు కట్టుకుందామని బీరువాలోంచి పట్టుచీర తీశాను. మడత విప్పగానే అయిదు నోట్లు నేలమీద పడ్డాయి. ఎవరూ చూడకుండా అక్కడ పెడితే భద్రమని నేనే పెట్టుకున్నాను, నేనే మరిచిపోయాను.

ముందురోజే శుభశుక్రవారం. చర్చిలో పేతురు కథ చదివారు. చిన్నప్పటినుంచి ఏటేటా వింటున్నదే. ప్రభువును పట్టుకుపోయిన రాత్రి ప్రధానయాజకుడి ముంగిట్లో ఒక పనిపిల్ల పేతురును చూసి, నువ్వూ ఆయనతో ఉన్నవాడివే కదా అంటుంది. పేతురు కాదంటాడు. ఇంకొక పిల్ల అదేమాట అంటే ఈసారి ఒట్టు పెట్టుకుని మరీ కాదంటాడు. ఆ తర్వాత శాపనార్థాలు కూడా పెట్టుకుంటాడు. శనివారం మధ్యాహ్నం ఆ నోట్లు చేతిలో పట్టుకుని మంచంమీద కూలబడినప్పుడు గానీ నాకు తట్టలేదు. ఆ కథలో నిజం పలికింది పనిపిల్లలు. వాళ్ళు ఏ ఒట్టూ పెట్టలేదు. ఒట్టు పెట్టింది శిష్యుడు, ఆడింది అబద్ధం. ఒట్టు పెట్టనంత మాత్రాన దొంగ కాదనీ, పెట్టినంత మాత్రాన నిజాయితీపరుడు కాడనీ మా గ్రంథం ఏనాడో చెప్పింది. వినవలసిన చెవులు నావి కావు మరి.

ఆ సాయంత్రమే ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. ఏం మాట్లాడాలో తెలియలేదు. డబ్బు దొరికిందనీ, తప్పు నాదేననీ చెప్పాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మీ పిల్లోళ్ళకు చెప్తా ఉంటారు కదమ్మా, ఒట్టు పెట్టకూడదు, ఉండేది ఉన్నట్టు చెప్తే చాలని. గిన్నెలు తోముకుంటా నేనూ విన్నాను. మంచి మాటే అనుకున్నాను. అందుకే పెట్టలేదు" అంది.

సోదరీమణులారా, ఆ మాట వినగానే నాకు భూమి కుంగినట్టయింది. మా అవ్వ దగ్గర నేను నేర్చుకుని, మా పిల్లలకు వల్లించిన పాఠం పెరట్లో గిన్నెలు తోముతూ విన్న మనిషి పాటించింది. వల్లించిన నేను దాన్ని తప్పానే గాక, పాటించినందుకు ఆమెను శిక్షించాను. ఆమె మా చర్చికి వచ్చే మనిషి కాదు. అప్పుడూ గుడికే వెళ్ళేది, ఇప్పుడూ గుడికే వెళుతుంది.

క్షమించమని అడిగాను. సరేలెమ్మంది. మళ్ళీ పనిలోకి రమ్మంటే రానంది. అది ఆమె ఇష్టం, న్యాయమే. కానీ నేను చెయ్యవలసింది ఇంకోటి మిగిలి ఉంది. మా వీధిలోని ఆ రెండిళ్ళకూ వెళ్ళి, "నేను చెప్పింది అబద్ధం, డబ్బు నా బీరువాలోనే ఉంది" అని చెప్పాలి. నిజం చెప్పనా? ఆమె ముందు తల వంచటం కన్నా ఇదే నాకు కష్టమనిపించింది. గడపదాకా వెళ్ళి ఒకసారి తిరిగి వచ్చేశాను కూడా. మరునాడు ఈస్టరు ఆరాధన కాగానే, ఆ పట్టుచీరతోనే వెళ్ళి చెప్పాను. ఒకావిడ నవ్వి ఊరుకుంది. ఇంకొకావిడ, "అయ్యో, ఎంత పని చేశావమ్మా" అంది. ఆ మాట పడవలసిందే, పడ్డాను. ఆవిడే ఆమెను పిలిపించి మళ్ళీ పనిలో పెట్టుకుంది.

మా చర్చిలో "సాక్ష్యం చెప్పటం" అనే మాట ఒకటుంది. దేవుడు నాకు ఫలానా మేలు చేశాడని పదిమందిలో లేచి చెప్పటం. కోర్టులోనూ అదే మాట, సాక్ష్యం. ఇన్నేళ్ళూ చర్చిలో నేను చెప్పిన సాక్ష్యాలన్నీ ఒక ఎత్తు, ఆ రెండు గడపల దగ్గర చెప్పింది ఒక ఎత్తు. సువార్త ప్రకటించటమంటే ఏమిటో నాకు కొంచెం అర్థమైంది ఆ రోజునే.

సువార్త అనగానే కొందరికి కోపం వస్తుంది, మా మతంలోకి లాగుతారేమోనని. మన రాజ్యాంగం 25వ అధికరణం ప్రతివారికీ తమ మతాన్ని నమ్మే, ఆచరించే, ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. ప్రజాశాంతికీ, నీతికీ, ఆరోగ్యానికీ లోబడి అన్న షరతు కూడా పెట్టింది. 1977లో సుప్రీంకోర్టు దీన్ని వివరిస్తూ, తన మతంలో ఏముందో చెప్పుకోవచ్చుగానీ ఇంకొకరిని మార్చే హక్కు అందులో లేదంది. చట్టం మాట అలా ఉంచండి. మనసు మాట ఆలోచిస్తే, మనిషిని మార్చటం మనిషి చేతిలో ఉందా? నన్ను నేనే మార్చుకోలేక మూడు నెలలు పట్టుచీర మడతలో నిజాన్ని దాచుకున్నదాన్ని!

మా మదనపల్లెకు 1863లో జేకబ్ చేంబర్లిన్ అనే అమెరికా దొర వచ్చారు. ఆ ఏడే ఇక్కడినుంచి బయలుదేరి నైజాము రాజ్యం మీదుగా సుమారు పన్నెండువందల మైళ్ళు తిరిగి వచ్చారు. పులులు తిరిగే అడవుల్లో చేసిన ఆ ప్రయాణాల గురించి తర్వాత పుస్తకమూ రాశారు. ఆయన బోధకుడే కాదు, వైద్యుడు కూడా. తెలుగు నేర్చుకుని, తెలుగు బైబిలును సవరించే పనిలో ఏళ్ళ తరబడి పాలుపంచుకున్నారు. ఇక ఊరి పక్కనే ఆరోగ్యవరం. కొన్ని మిషన్లు కలిసి 1912లో మదనపల్లెలో మొదలుపెట్టిన క్షయ ఆసుపత్రి 1915లో అక్కడి సొంత స్థలానికి మారింది. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టరు ఫ్రిమోట్ మోలర్ గారు దానికి మొదటి పెద్ద. అప్పటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1940ల్లో. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, శుభ్రత, ఇవే వైద్యం. నెలల తరబడి అక్కడే ఉండేవాళ్ళు. దగ్గితేనే అందరూ దూరం జరిగే రోజుల్లో ఆ మంచం పక్కన నిలబడి దిండు సరిచేసిన నర్సమ్మ ఒక్క బోధ కూడా చెయ్యనక్కరలేదు. ఆ రోగి ఏ దేవుణ్ణి తలుచుకుంటూ ఇంటికి వెళ్ళినా, ఆ చేతిని మాత్రం మరిచి ఉండడు.

మనం ఆసుపత్రులు కట్టలేం. ఇల్లాళ్ళం. మన విశ్వాసానికి పరీక్షలు మన గుమ్మంలోనే జరుగుతాయి. చీటీవాడు వచ్చినప్పుడు, "నాన్న ఇంట్లో లేడని చెప్పు" అని పిల్లవాణ్ణి పంపుతాం. రేపు వాడు మనతో అబద్ధమాడితే తలమీద చెయ్యి పెట్టమంటాం! ఉదయాన్నే ఫోనులో వాక్యాలో శ్లోకాలో పదిమందికి పంపుతాం, పదిగంటలకు పాలవాడితో లెక్కలో రెండు పాకెట్లు తక్కువ చెబుతాం. పంపిన వాక్యం ఎవరు చదివారో తెలియదు గానీ, పాలవాడు మాత్రం మనల్ని రోజూ చదువుతూనే ఉంటాడు.

అందుకని మా ఇంట్లో మూడు కట్టుబాట్లు పెట్టుకున్నాం. నచ్చితే మీరూ పెట్టుకోండి, మతంతో పనిలేదు. పిల్లల్ని ఒట్టు అడగకూడదు. నిజం చెప్పిన పిల్లవాణ్ణి, చెప్పినందుకు కొట్టకూడదు. దెబ్బలు పడతాయన్న భయంలోనే ఒట్లు పుడతాయి. చెయ్యగలిగిందే చేస్తామనాలి, తెలియనిదాన్ని తెలియదనాలి, మరిచిపోతే మరిచిపోయామనాలి. ఇక వస్తువేదైనా కనపడకపోతే, మనుషుల్ని అడగకముందు మన బీరువా మడతలన్నీ విప్పి చూసుకోవాలి. ఇది నా సొంత చేర్పు.

హరిశ్చంద్రుడి నాటకం తెల్లవార్లూ చూసి కన్నీళ్ళు పెట్టుకున్న జాతి మనది. సత్యం కోసం ఆలుబిడ్డల్ని అమ్ముకున్న రాజు కథ అది. మనకంత పరీక్ష రాదు. "నేను తీయలేదమ్మా" అని ఒక మనిషి చెబితే, ఆ మాటను మాటగా నమ్మగలమా అన్నదే మన పరీక్ష. నిజం చెప్పటం ఎంత ధర్మమో, నిజం చెప్పినవాళ్ళను నమ్మటం కూడా అంతే ధర్మం. ఒట్టు అడిగినవాళ్ళు ఆ రెండోదాన్ని తప్పుతున్నారు.

ఆ గులాబీపువ్వు తిన్న పిల్లవాడు ఇప్పుడు మీసాలొచ్చిన మొగవాడు. దారిలో కనిపిస్తే, "బాగుండారా అత్తా?" అని పలకరిస్తాడు. వాడికి ఆ రోజు గుర్తులేదనుకుంటాను. గుర్తున్నది నాకు. బాగున్నాను నాయనా అంటాను. అది నిజమే చెబుతాను.